వైసు దవడ మీద నెలవంక

మా తమ్ముడు ఎల్డన్ థర్లో సంగతి అడిగితే మా వెస్ట్ డన్‌హామ్‌లో ఎవరైనా రెండు మాటలు చెప్పేవాళ్ళు. చేతిరంపానికి పదును పెట్టడంలో వాడిని మించినవాడు లేడన్నది ఒకటి. చలికాలంలో ఊరు ఊరంతా గడ్డకట్టిన సరస్సు మీద తిరుగుతుంటే వాడొక్కడే అడుగు పెట్టడన్నది రెండోది. ఈ రెండింటికీ మూలం మా నాన్నేనని కూడా అందరికీ తెలుసు. కానీ అసలు నాన్న సంగతే ఎవరికీ తెలియదు. మాకూ తెలియదు. నలభై ఏళ్ళకి గానీ తెలియలేదు. ఇప్పుడు చెబుతుంటే కూడా ఒళ్ళు మండుతోంది.

నా పేరు మెర్టిల్. ఎల్డన్ కన్నా నాలుగేళ్ళు పెద్దదాన్ని. నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. ఉంటే ఉండనీ. మా ఇంట్లో ఒకడు నోరు మూసుకుని బతికాడు, వాడి వాటా కూడా నేనే వాడుకున్నాను.

ఎల్డన్ పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక సరస్సు ఒడ్డున పాత ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. ఇంటి వెనక షెడ్డు. ఆ షెడ్డు కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల అంచున వరసగా రంపం వైసులు. మామూలు వైసులు కావవి. రంపాన్ని నొక్కిపట్టే రెండు ఇనుప దవడలూ జానెడున్నర పొడవుంటాయి. రంపాన్ని తలకిందులుగా వాటి మధ్య దించి, పళ్ళు మాత్రం కాస్త పైకి కనబడేలా బిగించి, ఆకురాయితో ఒక్కో పన్నూ రాసుకుంటూ పోవాలి. పట్టు కుదరకపోతే రేకు వణికి కీచుమంటుంది. ఆ మోతకి వీధిలో కుక్కలు కూడా నిలవవు. మా వాడి షెడ్డు పక్కన మీరు నిలబడితే మాత్రం చీపురుతో ఊడుస్తున్నారా అనిపిస్తుంది, అంతే.

కరెంటు రంపాలు వచ్చి పడ్డాక చేతిరంపాలు అటకెక్కాయి, వైసులు గడ్డి కింద పడి తుప్పు పట్టాయి. ఎల్డన్ వాటిని వెతుక్కుంటూ తిరిగేవాడు. ఎవరి కొట్టంలోనో కోళ్ళగూటికి బరువుగా పెట్టింది ఒకటి, చర్చి వెనక గేటుకి ఆనించింది ఒకటి. తెచ్చి కిరసనాయిల్లో నానేసేవాడు. బిగుసుకుపోయిన మీటని కొట్టేవాడు కాదు, వేడి చేసి, వదిలేసి, మళ్ళీ వేడి చేసి, అదే కదిలేదాకా కూర్చునేవాడు. తీగ బ్రష్షుతో తుప్పు రాల్చి, దవడలకి లోపల పాత బూటు తోలు అతికించేవాడు. ఆదివారం చర్చికి రమ్మంటే రాడు గానీ తుప్పు పట్టిన ఇనుము ముందు మోకాళ్ళ మీద ఎంతసేపైనా ఉండేవాడు.

బాగుచేసినవి అలంకారానికి అడిగితే ఇచ్చేవాడు కాదు. రంపం పట్టేవాడైతే ఊరికే ఇచ్చినా ఇచ్చేవాడు. వాడి దగ్గర తిట్లు తిననివాళ్ళు తక్కువ, అయితే ఆ తిట్లు కూడా నెమ్మదిగానే ఉండేవి. ఎనభై దాటిన హైరమ్ పెటింగిల్ ఒకసారి తన వైసు పట్టుకొచ్చాడు. ఆయన మా ఊళ్ళో చేపల ఎరలమ్మే దుకాణం మనిషి. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"మూసి చూస్తే మధ్యలో వెలుతురు కనబడుతోందిరా ఎల్డన్. వంకర పోయిందని రెండు దవడలూ రాసి సాపు చేశాను. ఇప్పుడు రంపం పెడితే పందిని కోసినట్టు అరుస్తోంది."

"సాపు చేశారా!" అన్నాడు మా వాడు. "పెటింగిల్ గారూ, ముందు చివర్లు ముట్టుకోవాలి, బిగించాక మధ్య ముట్టుకోవాలి. పోతపోసినవాడు తెలిసే అలా పోశాడు. ఉన్న ఒక్క మంచి గుణం రాసి పారేశారు."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు?"

"తలుపుకి అడ్డం పెట్టుకోండి."

ముసలాయన నా వంక చూశాడు. నేను నవ్వాపుకోలేదు. ఆపుకోవాల్సిన అవసరమూ నాకు లేదు. ఆ పెటింగిల్ మీద నాకున్న కోపం ఈనాటిది కాదు.

ఆ కోపం 1938 మార్చి నాటిది. నాన్న పేరు రూఫస్ థర్లో. ఆయనా రంపాల పనివాడే. ఎడమచేతి వాటం. కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా తెగిపోయింది, మిగిలింది మొండి. పదును పెట్టడం అయ్యాక ఆ మొండివేలు వైసు కుడి చివర ఆనించి, వంగి, పళ్ళ వరస సరిగా ఉందో లేదో కన్నార్పకుండా చూసేవాడు. చలికి ఆ ఇనుప అంచు మొండివేలికి కోసుకునేది. అందుకని దవడ కుడి చివర గుండ్రటి ఆకురాయితో చిన్న నెలవంకలా గాటు తీసుకున్నాడు. ఆ మొండివేలు అందులో అతికినట్టు కూర్చునేది. అలాంటి గాటు లోకంలో ఇంకెవరికీ అక్కర్లేదు. ఎల్డన్ పసివాడుగా ఉన్నప్పుడు బల్ల పక్కన నిలబడి తన చిటికెన వేలు అందులో పెట్టి ఆడుకునేవాడు.

సరస్సు అవతలి ఒడ్డున కలప కోసే క్యాంపు ఉండేది. వాళ్ళ రంపాలు నాన్నే పదును పెట్టి, చక్రాల్లేని చెక్కబండి మీద వేసుకుని సరస్సు మీది మంచుగడ్డ మీదుగా లాక్కెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. మార్చి వచ్చిందంటే వాగు కలిసే మూలలో గడ్డ పలచబడుతుంది. ఆ మూల మీద నడిచే ముందు బరువు తక్కువవాణ్ణి గునపంతో పంపి చూసి రమ్మనడం మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. మా ఇంట్లో బరువు తక్కువవాడు ఎల్డన్. ఎనిమిదేళ్ళు వాడికి.

ఆ పొద్దున నాన్న వాణ్ణి పంపాడు. వాడు వెళ్ళి గునపంతో గుచ్చి, చేత్తో మందం కొలిచి, పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముక్కు ఎర్రగా అయిపోయింది. "గడ్డ గట్టిగా ఉంది నాన్నా!" అన్నాడు. నాన్న వాడి టోపీ చెవుల మీదకి లాగి బండి పట్టుకుని వెళ్ళిపోయాడు. అదే ఆఖరు.

మధ్యాహ్నానికి బండి ఒక్కటే కనబడింది. దాని మీద రంపాలన్నీ, గునపంతో సహా, భద్రంగా ఉన్నాయి. ఇరవై అడుగుల అవతల, వాగు మూలలో, గడ్డ విరిగి నీళ్ళు నల్లగా కనబడుతున్నాయి. ఆ అంచున నాన్న టోపీ. ఊరంతా తాళ్ళూ కొక్కేలూ పట్టుకుని ఒడ్డుకి పరిగెత్తారు. శవం దొరకలేదు. ఆ మూల అడుగు అందదు. ఎవరికీ వేరే అనుమానం రాలేదు, రావడానికేముంది? ఆ ఒడ్డున అందరి ముందూ ఈ హైరమ్ పెటింగిల్, అప్పుడు కుర్రముండావాడేం కాదు, నలభై ఏళ్ళవాడు, గట్టిగా అడిగాడు.

"గడ్డ గట్టిగా ఉందని ఆయనకి చెప్పిందెవరు?"

అందరూ మా వాడి వంక చూశారు. వాడు నా గౌను పట్టుకున్నాడు.

అమ్మ వాణ్ణి ఒక్క మాట అనలేదు. నీ తప్పు కాదురా అని కూడా అనలేదు. ఆవిడకేం నోరు పెగిలింది గనక! ఖాళీ గోతి మీద నాన్న పేరుతో రాయి వేయించి, కింద తన పేరుకి చోటు వదిలించింది. ఎల్డన్ బడి మానేసి నాన్న వైసు ముందు నిలబడ్డాడు. నాన్న ఆకురాళ్ళు ఇంట్లో కనబడలేదు. నూనెగుడ్డలో చుట్టి అలమరలో పెట్టుకునేవాడు, ఆ మూటే లేదు. కోటు జేబులో పెట్టుకుని ఉంటాడు, ఆయనతోపాటే పోయాయి అంది అమ్మ. అరువు ఆకురాళ్ళతో మొదలుపెట్టాడు మా వాడు. ఇక అక్కడినుంచి నలభై ఏళ్ళు వాడు గడ్డ మీద కాలు పెట్టలేదు. అవతలి ఒడ్డుకి రంపం ఇవ్వాలంటే సరస్సు చుట్టూ రోడ్డు పట్టుకుని పోయేవాడు. లూసీ అనే పిల్ల వీణ్ణి చేసుకుంటానని రెండేళ్ళు చూసింది. "నా మాట నమ్మి ఒకరు పోయారు, చాలు" అన్నాడట ఆ పిల్లతో. ఆ మాట లూసీయే నాకు చెప్పి ఏడ్చింది. నేను వెళ్ళి వాడిని నానా మాటలూ అన్నాను. వాడు రంపం మీద నుంచి తల ఎత్తలేదు.

ఇదీ మా ఎల్డన్ బతుకు. అలాగే అయిపోయేది కూడా.

1978 అక్టోబర్లో కోబర్న్‌లో ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే ఒక వైసు తెచ్చుకున్నాడు. పచ్చరంగు పూసి, దాని మీద గ్రీజు గడ్డకట్టి, ఏది దవడో ఏది మీటో తెలియకుండా ఉంది. మధ్యలో కలవడం లేదు, పాడైపోయింది, పట్టుకుపో అని ఇచ్చిందట ఆ ఇంటావిడ. మా వాడు నవ్వుకుంటూ తెచ్చుకున్నాడు. చలికాలం పని తగ్గాక చూద్దామని మూల పెట్టాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం. శనివారమంటే మా ఇళ్ళలో బీన్స్ ఉడకాల్సిందే. వాడి వాటా గిన్నెలో పోసుకుని, మీద గుడ్డ కట్టి, నల్లరొట్టె చంకన పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. వాడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కొత్తగా తెచ్చిన వైసు బల్లకి బిగించి ఉంది, సగం పచ్చరంగు ఊడింది. వాడి చిటికెన వేలు దాని దవడ చివర ఉంది. మనిషి కదలడం లేదు.

"వేలు ఇరుక్కుందేంట్రా?" అన్నాను.

వాడి మొహం సున్నం కొట్టినట్టు ఉంది. గుండెపోటేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఒరేయ్ ఎల్డన్! మాట్లాడు! ఏమైంది?"

"నీ వేలు పెట్టు ఇక్కడ" అన్నాడు.

"నాకేం పన్లేదా? బీన్స్ చల్లారిపోతున్నాయి."

"పెట్టు మెర్టిల్."

వాడి గొంతు విని గిన్నె దించి వేలు పెట్టాను. నున్నటి గాటు. నెలవంకలా ఉంది. నా చెయ్యి పట్టుకుని పక్కనున్న నాన్న వైసు దగ్గరకి తీసుకెళ్ళి, అందులో పెట్టాడు. అదే గాటు. అదే చోట. అదే లోతు.

"అయితే ఏంటి?" అన్నాను. "నాన్నకి ఇంకో వైసు ఉండేదేమో. మనం పుట్టకముందు అమ్మేసుకుని ఉంటాడు."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు. "ఈ గీతలు చూడు." దవడ పై అంచున చిన్న చిన్న గీతలు ఉన్నాయి, ఆకురాయి జారినప్పుడు పడేవి. వాడి వైసుల మీద ఒకవైపు వాలుతాయి. నాన్న వైసు మీదా, దీని మీదా రెండో వైపు వాలాయి. ఎడమచేతి వాటం. "ఇది ఒకటి రెండేళ్ళ అరుగుదల కాదు. ఎన్నో ఏళ్ళు చేశాడు దీని మీద."

"చేస్తే చేశాడు."

వాడు బిగింపు వదులు చేసి వైసుని తిరగేశాడు. అడుగున, పోత ఇనుములోనే, అక్షరాలు పైకి తేలి ఉన్నాయి. కంపెనీ పేరు, దాని కింద సంవత్సరం. 1941.

నేను మళ్ళీ చదివాను. వేలితో తడిమాను. ఇనుములో పోసిన అంకె అబద్ధం చెప్పదు కదా. నాన్న మునిగిపోయింది ముప్పై ఎనిమిదిలో.

"బీన్స్ చల్లారిపోతాయి" అన్నాను. సిగ్గులేకుండా అదే మాట మళ్ళీ అన్నాను. బల్ల కింద మేకుల డబ్బా ఉంటే లాక్కుని దాని మీద కూలబడ్డాను.

అప్పుడు తట్టింది నాకు. ఆకురాళ్ళు! అమ్మ బాబోయ్, ఆకురాళ్ళు! గడ్డ మీదకి ఆకురాయి పట్టుకెళ్ళకూడదన్నది మా ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసు. తడి తగిలితే తుప్పు పడుతుంది, నాన్న ప్రాణం పోయినా తీసుకెళ్ళడు. పదును పెట్టేసిన రంపాలు ఇచ్చి రావడానికి వెళ్ళేవాడికి ఆకురాళ్ళెందుకు? అమ్మకి తెలుసు, నాకు తెలుసు, ఎల్డన్‌కి తెలుసు. రంపాల పనివాడి ఇంట్లో పుట్టి, పెరిగి, ముగ్గురం ఆ మూట లేకపోవడం చూశాం, ముగ్గురం నీళ్ళల్లో పోయిందని నమ్మాం! వైసు బరువు, మోసుకుపోలేడు. ఆకురాళ్ళు కోటులో పడతాయి. బండిని గట్టి గడ్డ మీద వదిలాడు, ఎందుకంటే ఆ రంపాలు పరాయివాళ్ళవి, వాళ్ళ సొమ్ము మునగకూడదు. అంత నిజాయితీపరుడు! గునపంతో గడ్డ విరగ్గొట్టాడు, టోపీ పెట్టాడు, నడుచుకుంటూ పోయాడు.

"దొంగముండాకొడుకు" అన్నాను. కన్నతండ్రిని ఆ మాట అన్నాను, ఇప్పుడూ వెనక్కి తీసుకోను. "నిన్ను పంపించి, నీ చేత గట్టిగా ఉందనిపించుకుని మరీ వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి తన చావుకి సాక్షిగా నిలబెట్టి పోయాడురా వాడు!"

ఎల్డన్ నా మాట వినడం లేదు. కిటికీ లోంచి సరస్సు వంక చూస్తున్నాడు. దూరంగా గడ్డకి కన్నాలు పెట్టి చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు, వాటి పక్కన ట్రక్కులు. నెమ్మదిగా అన్నాడు.

"అయితే ఆ రోజు గడ్డ గట్టిగానే ఉందన్నమాట."

నేను నిర్ఘాంతపోయాను. తండ్రి బతికున్నాడని తెలిసింది, వదిలేసి పోయాడని తెలిసింది, వీడికి తట్టిన మాట ఇదా! తర్వాత వాడి మొహం చూశాను. నలభై ఏళ్ళుగా ఆ మొహం మీద ఏముందో నాకు అలవాటైపోయి కనబడటం మానేసింది. అది లేకుండా చూసేసరికి ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు చర్చి మానేసి కోబర్న్ వెళ్ళాం. గంట ప్రయాణం కూడా లేదు. గంట! మా అమ్మ గుడ్లప్పగించి సరస్సు వంక చూస్తూ కూర్చున్న ఆ ఏళ్ళన్నీ ఆ మనిషి గంట దూరంలో ఉన్నాడు.

ఆ ఇంటావిడ పేరు వెల్మా. నాకన్నా కొంచెం చిన్నది. మంచిమనిషి, వేడి డోనట్లు పెట్టింది, కాఫీ ఇచ్చింది. ఎల్డన్ దారిలోనే నాతో ఒట్టు వేయించుకున్నాడు, నువ్వు నోరు విప్పకు అని. నా బతుకులో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

"ఆ వైసు ఎవరిదండీ?" అన్నాడు ఎల్డన్.

"రాయ్ టానర్‌ది. మా అమ్మ రెండో భర్త" అంది వెల్మా. "ఆ వరండాలోనే కూర్చుని రంపాలు రాసేవాడు. మా నాన్న పోయాక మేం పిల్లలం ముగ్గురం, అమ్మ బెంగతో ఉండేది. ఎక్కడినుంచో వచ్చాడు, పని ఉందా అని అడిగాడు, ఉండిపోయాడు. 1963లో పోయాడు. అదిగో, ఆయనే."

గోడ మీద ఫోటో. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. మా నాన్న. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది, ఎడమచేతిలో ఆకురాయి. మొండివేలు వైసు అంచున ఆనించి ఉంది. నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు! ఆ మనిషి నవ్వగా నేను మా ఇంట్లో ఒక్కసారి చూసిన గుర్తు లేదు. డోనట్ గొంతులో అడ్డం పడి దగ్గొచ్చింది. వెల్మా కంగారుగా నీళ్ళిచ్చింది.

"మమ్మల్ని కన్నబిడ్డల్లా చూశాడు" అంది వెల్మా. బల్ల కింద ఎల్డన్ నా చెయ్యి నొక్కాడు, గట్టిగా, ఎముకలు విరుగుతాయేమో అన్నంత. "ఒక్కటే చాదస్తం ఆయనకి. చెరువు గడ్డకట్టాక మమ్మల్ని చూసి రమ్మనేవాడు కాదు. అందరి ఇళ్ళలో పిల్లల్నే పంపుతారు కదా! ఈయన అంత లావు మనిషీ తనే వెళ్ళి గునపంతో గుచ్చి చూసొచ్చేవాడు. ఒకసారి మా తమ్ముడు నేను వెళ్తానని గునపం తీశాడు. రాయ్ దాన్ని లాక్కుని వరండా అవతలకి విసిరేశాడు. ఆ పని పిల్లాడి నెత్తిన పెట్టకూడదు అని అరిచాడు. తర్వాత వెనక్కెళ్ళి ఏడ్చాడు. ఎందుకేడ్చాడో మాకు అర్థం కాలేదు."

పొయ్యి మీద కాఫీ కెటిల్ గుడగుడమంటోంది. నా కడుపులో ఉన్న తిట్లన్నీ అక్కడే ఉడికిపోతున్నాయి. మా వాడి నెత్తిన ఏం పెట్టి పోయావో తెలిసింది కదరా నీకు! తెలిసి కూడా ఒక్క ముక్క రాసి పడెయ్యలేకపోయావా!

"మీకు ఆయన తెలుసా?" అంది వెల్మా, మా మొహాలు చూసి.

ఎల్డన్ టోపీ చేతుల్లో తిప్పాడు. "ఆయన పని తెలుసు" అన్నాడు. "వైసు పాడవలేదండీ. మధ్యలో ఆ మాత్రం సందు ఉండాలి. మీకు కావాలంటే తెచ్చిచ్చేస్తాను."

"నేనేం చేసుకుంటాను నాయనా, మీరే ఉంచుకోండి" అందామె.

కారు ఎక్కగానే నేను మొదలుపెట్టాను. దారి పొడుగునా తిట్టాను. రేపే వెళ్ళి ఆ సమాధిరాయి పీకించి సరస్సులో పారేయిస్తానన్నాను. ఊరందరినీ పిలిచి చెబుతానన్నాను. ముందు ఆ పెటింగిల్ చెవిలో చెబుతానన్నాను.

"అమ్మ పేరు కూడా ఉంది మెర్టిల్ ఆ రాయి మీద" అన్నాడు ఎల్డన్.

అంతే అన్నాడు. నా నోరు మూతపడింది.

సోమవారం పొద్దున పాలు కొనడానికి నేను దుకాణం వైపు వెళ్తున్నాను. ఒడ్డున జనం గుమిగూడి ఉన్నారు. చేపల గుడిసెల్లోంచి కూడా మగాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. ఎవరూ అరవడం లేదు, దానికే నాకు భయం వేసింది. తోసుకుంటూ ముందుకెళ్ళాను. పెటింగిల్ కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరుచుకుని ఉంది.

"అది ఎల్డనేనా?" అన్నాడు. "మెర్టిల్, అది మీ ఎల్డనేనా?"

వాడే. సరస్సు మీద నడుస్తున్నాడు. భుజాన గునపం. అది షెడ్డు గోడకి తగిలించి ఉండేది, నలభై ఏళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నడుస్తున్నది మంచి గడ్డ మీద కూడా కాదు. తిన్నగా వాగు మూల వైపు పోతున్నాడు. చేపలవాళ్ళు కూడా అటు పోరు. నేనైతే సరస్సంతా తిరిగినా ఆ మూలకి ఎప్పుడూ పోలేదు.

"ఒరేయ్!" అని అరిచాను. "ఒరేయ్ ఎల్డన్! నీకేమైనా మతి పోయిందా! వెనక్కి రా!"

వినిపించుకోలేదు. మూలకి చేరాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మంచు చేత్తో తుడిచి, గునపం దించాడు. ఠంగుమంది. మళ్ళీ దించాడు. ఆ చప్పుడు ఒడ్డుదాకా వచ్చింది. ఎవరో స్త్రీ నా వెనక ప్రార్థన మొదలుపెట్టింది. వాడు గునపం పక్కన పెట్టి, చేతి తొడుగు తీసేసి, కన్నంలోకి చెయ్యి పెట్టి మందం కొలిచాడు. చిన్నప్పుడు నాన్న నేర్పినట్టు, మణికట్టు దాకా ఎంత, మోచేతి దాకా ఎంత అని.

లేచి నిలబడ్డాడు. ఒడ్డు వైపు తిరిగాడు. మా ఎల్డన్ అంత గట్టిగా మాట్లాడగలడని నాకే తెలియదు.

"గడ్డ గట్టిగా ఉంది!" అని అరిచాడు.

ఒడ్డున ఒక్కరూ కదల్లేదు. పెటింగిల్ మొహంలో రక్తం లేదు. ఆయనకి ఆ రోజు గుర్తొచ్చిందని నాకు తెలుసు, ఆ రోజు తను అడిగిన మాట కూడా. మెల్లగా అన్నాడు.

"ఎవరికి చెబుతున్నాడు వాడు?"

"నాకు" అని పాలక్యాను ఆయన చేతిలో పెట్టి, గడ్డ మీదకి దిగి, మా తమ్ముడి దగ్గరకి నడిచాను.